ఇంజను అరుస్తున్నా పడవ కదలదేం? వరద పడవ ఫ్యాను దెబ్బతిన్నదో లేదో ఒడ్డునే తేల్చుకోవడం ఎలా

వాగు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పారుతోంది. పడవ నిలకడ నీటిలో గంటకు 15 కిలోమీటర్లు పోగలదు. ఎదురు ప్రవాహంలో దానికి మిగిలే వేగం 5 కిలోమీటర్లే. ఫ్యాను రెక్క వంగి పడవ వేగం మూడో వంతు తగ్గితే ఆ 5 కూడా మిగలదు. ఇంజను ఎంత అరిచినా పడవ ఉన్నచోటే నిలబడుతుంది. ఇంకో ఇద్దరు ఎక్కితే వెనక్కి కొట్టుకుపోతుంది.

పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారులో అన్నిటికంటే ముందు దెబ్బతినేది ప్రొపెల్లరే. వాడుకలో దాన్ని ఫ్యాను అంటారు. బండ తగిలినా, దుంగ తగిలినా, వల చుట్టుకున్నా ముందు దెబ్బ దానికే. అయితే ఇంజనులోని చాలా లోపాల్లా కాకుండా ఈ లోపాన్ని మెకానిక్కు లేకుండానే, ఖరీదైన పరికరాలేవీ లేకుండానే కనిపెట్టవచ్చు. చెవి, చెయ్యి, కన్ను, ఒక పుల్ల, ఒక మార్కర్ పెన్ను చాలు. పావుగంట పని. కాకపోతే ఆ పావుగంట జనం పడవ ఎక్కకముందే కేటాయించాలి.

జగర్గుండా లాంటి చోట ఇది ఎందుకు ముఖ్యం

జగర్గుండా ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉంది. దోర్నపాల్ నుంచి ఒకటి, దంతెవాడ వైపు అరన్‌పూర్ నుంచి ఒకటి, బీజాపూర్ వైపు బాసగూడ నుంచి ఒకటి, మూడు దారులు కలిసే చోటు అది. వానాకాలంలో ఈ దారులన్నిటికీ వాగులే అడ్డం. బాసగూడ పక్కన పారే తాల్‌పేరు నదే తెలంగాణలోకి వచ్చి చర్ల దగ్గర తాలిపేరు ప్రాజెక్టును నింపి గోదావరిలో కలుస్తుంది. తూర్పున శబరి కోంట మీదుగా వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఎగువన బస్తర్ కొండల్లో కురిసిన వానే దిగువన భద్రాచలానికీ, విలీన మండలాలకూ వరదై వస్తుంది.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి వెనక్కి తన్ని కోంట కూడా మునిగింది. 2025 ఆగస్టు చివరి వారంలో బస్తర్, దంతెవాడ, సుక్మా జిల్లాల్లో వాగులు పొంగి రోడ్లు, వంతెనలు తెగిపోయాయి. అలాంటి రోజుల్లో రోడ్డు ఆగిన చోట పని మొదలయ్యేది మోటారు పడవకే. ఎన్‌డీఆర్‌ఎఫ్, రాష్ట్ర విపత్తు దళాలు వాడే గాలి పడవలకు ఉండేది ఔట్‌బోర్డ్ మోటారే. ఆ దళాల భాషలో దాని పేరు ఓబీఎం.

కాకినాడలోనో విశాఖపట్నంలోనో ఫ్యాను వంగితే రేవులోనే బాగుచేసేవాళ్లు దొరుకుతారు. అడవి మధ్య వాగు ఒడ్డున దొరకరు. పైగా కొండ వాగు సముద్రం లాంటిది కాదు. అడుగున బండలు, కొట్టుకొచ్చిన మానులు, రాత్రికి రాత్రి మేటవేసిన ఇసుక ఉంటాయి. బురద నీటిలో అవేవీ కనబడవు. అందువల్ల ఇక్కడ ఫ్యానుకు దెబ్బ తగలడం అరుదైన సంగతేమీ కాదు. తగిలిన సంగతి ఎంత త్వరగా గుర్తిస్తామన్నదే ప్రశ్న.

ఫ్యాను చేసే పని

ఫ్యానుకు మూడు రెక్కలుండటం మామూలు. నాలుగు ఉన్నవీ వస్తాయి. రెక్కలు అతుక్కుని ఉండే మధ్య గొట్టాన్ని హబ్బు అంటారు. ఫ్యాను మీద రెండు అంకెలు కొట్టి ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్. పిచ్ 11 అని ఉంటే ఒక్క చుట్టుకు ఫ్యాను లెక్కప్రకారం 11 అంగుళాలు ముందుకు తొలుచుకుపోవాలి. మరమేకు చెక్కలోకి దిగినట్టే. నీరు చెక్కలా గట్టిగా ఉండదు కాబట్టి ఆచరణలో అంతకంటే తక్కువే పోతుంది.

ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే, గేర్లు దాన్ని సగానికి తగ్గించాయనుకుంటే, ఫ్యాను 2,500 చుట్లు తిరుగుతుంది. 11 అంగుళాల పిచ్‌తో లెక్క వేస్తే గంటకు సుమారు 42 కిలోమీటర్లు. జనంతో నిండిన పడవకు అందులో కొంతే దక్కుతుంది. రెక్క ఒంపు కాస్త మారినా ఆ కొంతలోనే కోత పడుతుంది.

హబ్బు లోపల సాధారణంగా రబ్బరు బుష్ ఉంటుంది. ఫ్యాను బండకు కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బ నేరుగా గేర్లకు తగలకుండా కాపాడేది అదే. చాలా చిన్న మోటార్లలో రబ్బరు బదులు షియర్ పిన్ను ఉంటుంది. గట్టి దెబ్బకు అది తెగిపోతుంది, గేర్లు బతుకుతాయి. ఈ రెండూ ప్రాణం పోయినా యంత్రాన్ని కాపాడటానికి పెట్టిన భాగాలే. అవి పోయినప్పుడు ఫ్యాను చూడ్డానికి చక్కగానే ఉంటుంది, పడవ మాత్రం కదలదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

మొదట న్యూట్రల్‌లో వినాలి

లోపం ఇంజనుదా, ఫ్యానుదా? ఇది తేల్చడానికి పడవను ఒడ్డుకు కట్టి, మోటారు కింది భాగం నీటిలోనే ఉంచి, న్యూట్రల్‌లో ఇంజనును నడపాలి. నీళ్లు లేకుండా నడపకూడదు, చల్లబరిచే పంపు నిమిషాల్లో కాలిపోతుంది.

న్యూట్రల్‌లో ఫ్యానుకు శక్తి అందదు. కాబట్టి అప్పుడు కూడా ఇంజను కుదుపుతూ, తడబడుతూ ఉంటే తప్పు ఫ్యానుది కాదు. ప్లగ్గు, పెట్రోలులో నీరు, ఇంజనును పట్టి ఉంచే రబ్బర్లు, బిగింపు మరలు చూసుకోవాలి. న్యూట్రల్‌లో నున్నగా తిరిగి, గేరు వేయగానే వణుకు మొదలై, వేగంతోపాటు పెరుగుతుంటే అనుమానం ఫ్యాను మీదికో దాని ఇరుసు మీదికో పోతుంది.

గేరు వేశాక కనబడే నాలుగు రకాల గుర్తులు

వణుకు. హ్యాండిల్ పట్టుకున్న చేతికి ఇది ముందు తెలుస్తుంది. ఒక రెక్క వంగినా, ముక్క విరిగినా బరువు, తోపు సమానంగా ఉండవు. ప్రతి చుట్టుకూ ఒక కుదుపు వస్తుంది. ఏదైనా తగిలిన చప్పుడు వినిపించిన వెంటనే వణుకు మొదలైతే ఇక అనుమానం అక్కర్లేదు. గడ్డో ప్లాస్టిక్కో చుట్టుకున్నా ఇదే వణుకు వస్తుంది కాబట్టి ముందు అది తీసి చూడాలి.

మెల్లగా పోతే సరే, వేగం పెంచితే ఇంజను అరుపే. కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తే పడవ సాగుతుంది. ఇంకొంచెం తిప్పగానే ఇంజను ఒక్కసారిగా కీచుమంటుంది, పడవ వేగం పెరగదు. రబ్బరు బుష్ హబ్బులో జారుతోందనడానికి ఇది అసలైన గుర్తు.

గేరు పడ్డ చప్పుడు వస్తుంది, పడవ అసలు కదలదు. చిన్న మోటారైతే షియర్ పిన్ను తెగి ఉంటుంది. పెద్దదైతే బుష్ పూర్తిగా వదిలేసి ఉంటుంది, లేదా గేరు కలిపే కడ్డీ ఊడి ఉంటుంది. ఫ్యాను నట్టు ఊడి ఫ్యానే నీళ్లపాలైన సందర్భాలూ ఉంటాయి. మోటారు ఎత్తి చూస్తే తెలిసిపోతుంది.

ఇంజను బరువుగా మూలుగుతుంది, పూర్తి యాక్సిలరేటర్‌లోనూ వేగం అందుకోదు. ఇది అన్నిసార్లూ ఫ్యాను తప్పు కాదు. పడవలో జనం ఎక్కువైనా, అడుగున నీరు నిలిచినా, ప్లగ్గు ఒకటి పనిచేయకపోయినా ఇలాగే ఉంటుంది. ఫ్యానుకు తాడు చుట్టుకున్నా ఇంతే. వేరే పడవ నుంచి తెచ్చి బిగించిన ఫ్యానుకు పిచ్ ఎక్కువైనా ఇదే కథ. ఒక అంగుళం పిచ్ మారితే ఇంజను చుట్లలో నిమిషానికి 150 నుంచి 200 దాకా తేడా వస్తుంది.

గాలి పీల్చడాన్ని చూసి బుష్ పోయిందనుకోవద్దు

ఫ్యాను నీటి పైనుంచి గాలిని లాక్కున్నా ఇంజను ఒక్కసారిగా అరుస్తుంది, పడవ పట్టు వదులుతుంది. మోటారు మరీ ఎత్తుగా బిగించినా, జనమంతా పడవ ముందుకు జరిగి వెనక భాగం లేచినా, పదునుగా మలుపు తిప్పినా ఇలా అవుతుంది. దీన్ని వేరు చేయడం తేలికే. యాక్సిలరేటర్ తగ్గించి, జనాన్ని వెనక్కి జరిపి, మోటారును సరిగ్గా కిందికి దించి, తిన్నగా నడిపితే సమస్య పోతుంది. బుష్ జారుతుంటే తిన్నగా నడిపినా, బరువు సర్దినా పోదు.

ఫ్యానుకు పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది. గాలి కిందికి రాకుండా ఆపడమే దాని పని. దెబ్బకు ఆ పలక విరిగిందేమో కూడా చూడాలి.

ఒడ్డున తనిఖీ: ముందు ఇంజను చావాలి

ఫ్యాను మీద చెయ్యి వేసే ముందు మూడు పనులు తప్పవు. ఇంజను ఆపాలి. నడిపేవారి చేతికి కట్టుకునే ఎర్ర తాడు క్లిప్పును లాగేయాలి. ప్లగ్గు తీగలు పీకేయాలి, సెల్ఫ్ స్టార్ట్ ఉంటే బ్యాటరీ తీగ కూడా. వేడి ఇంజను గేరులో ఉండగా ఫ్యానును చేత్తో తిప్పితే ఒక్కసారి అంటుకునే ప్రమాదం ఉంది. వేళ్లు పోవడానికి ఆ ఒక్కసారి చాలు. ఆ తర్వాతే గేరును న్యూట్రల్‌లో పెట్టి మోటారు ఎత్తాలి.

కన్నుతో: ప్రతి రెక్కకూ నీటిని ముందుగా కోసే అంచు ఒకటి ఉంటుంది. నొక్కులు, పళ్లు పడ్డాయేమో ముందు అక్కడే చూడాలి. తర్వాత రెక్క కొన. చివరగా రెక్క హబ్బుతో కలిసే మొదలు. మొదట్లో వెంట్రుకవాసి చీలిక కనబడినా ఆ ఫ్యాను పని అయిపోయినట్టే. బురద తుడవకుండా చీలిక కనబడదు కాబట్టి గుడ్డతో శుభ్రంగా తుడవాలి.

చేత్తో: అంచు వెంట వేలు మెల్లగా జరపాలి. కంటికి ఆనని నొక్కు వేలికి తగులుతుంది. రెక్క ముందు ముఖం మీద చీమలు కొరికినట్టు చిన్న గుంటలు ఉంటే అది కావిటేషన్ గుర్తు. అంచు చెడినప్పుడు దాని వెనక నీరు ఒత్తిడి తగ్గి ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు పగులుతూ లోహాన్ని కొరికేస్తాయి. గుంటలున్నాయంటే లోపం ఇవాళ్టిది కాదని అర్థం.

పుల్లతో: ఒక పుల్లను ఆ పైపలకకు ఆనించి కదలకుండా పట్టుకుని, దాని కొన ఒక రెక్క చివరకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా చూడాలి. ఫ్యానును మెల్లగా చేత్తో తిప్పాలి. మూడు రెక్కలూ పుల్ల కొసను అదే దూరంలో దాటాలి. ఒకటి తగిలినా, ఒకటి దూరంగా పోయినా ఆ రెక్క వంగినట్టో అరిగినట్టో లెక్క. ఫ్యాను విప్పే వీలుంటే ఒక రెక్కను అట్టముక్క మీద గీసుకుని, మిగతా రెండింటినీ ఆ గీత మీద పెట్టి పోల్చవచ్చు.

మార్కర్ పెన్నుతో: హబ్బు లోపలి గొట్టం మీదుగా బయటి గొట్టం మీదికి వచ్చేలా ఒక తిన్నని గీత గీయాలి. పడవను ఖాళీగా, తాడు కట్టి ఉంచి కొంతసేపు వేగం పెంచి నడపాలి. మళ్లీ ఎత్తి చూస్తే గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందా, బుష్ జారినట్టే. వాదన అక్కర్లేని పరీక్ష ఇది.

ఫ్యాను వెనక దాక్కున్న నష్టం

ఫ్యాను బాగానే ఉన్నా వణుకు పోకపోతే ఇరుసు వంగి ఉండవచ్చు. ఫ్యాను విప్పేసి, అదే పుల్లను ఇరుసు చివర దగ్గర పెట్టి చేత్తో తిప్పాలి. ఇరుసు కొన ఒకచోటే తిరగాలి. అటూ ఇటూ ఊగితే అది వంగింది. కొత్త ఫ్యాను వేసినా లాభం లేదు. అలాగే నడిపితే సీళ్లు, బేరింగులు, చివరికి గేర్లు పోతాయి.

ఇలాంటి దెబ్బలో రెక్క లోహానికీ పాత్ర ఉంది. అల్యూమినియం రెక్క మెత్తన, బండ తగిలితే తానే వంగుతుంది లేదా విరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రెక్క గట్టిది. తాను నిలబడి దెబ్బను ఇరుసుకూ గేర్లకూ పంపుతుంది. స్టీలు ఫ్యానుకు దెబ్బ తగిలి రెక్క చెక్కుచెదరలేదంటే సంతోషించకుండా ఇరుసును చూడాలి.

రెండోది దారం. గాలపు నైలాన్ దారం ఫ్యాను వెనక వాషరు సందులో చుట్టుకుంటే బయటికి కనబడదు. అది సీలును కోసేస్తుంది. అక్కడినుంచి గేర్‌బాక్సులోకి నీరు చేరుతుంది. అనుమానం ఉంటే కింది నూనె మరను కొద్దిగా వదులు చేసి చుక్కలు చూడాలి. నూనె పాలు కలిపిన టీ రంగులో వస్తే నీరు చేరినట్టే. ముందుగా నీళ్లే కారితే మరీ స్పష్టం. నూనెలో సన్నని లోహపు మసి కనిపిస్తే భయం లేదు. రవ్వలు, పలుకులు కనిపిస్తే గేర్లు నలుగుతున్నట్టు.

చల్లబరిచే నీటిని తీసుకునే జల్లెడలో ఇసుక, ఆకులు ఇరుక్కున్నాయేమో కూడా అప్పుడే చూడాలి. ఇంజను నడుస్తున్నప్పుడు పక్కనుంచి సన్నని ధార పడుతుండాలి. ఆ ధార ఆగితే ఇంజను వెంటనే ఆపాలి.

ఒడ్డునే బాగుచేయగలిగినవి, చేయకూడనివి

అల్యూమినియం రెక్క అంచున చిన్న నొక్కులను ఆకురాయితో నున్నగా రాయవచ్చు. మూడు రెక్కలూ ఒకేలా ఉండేలా, అవసరమైనంత మేరకే. తెగిన షియర్ పిన్ను బదులు అదే సైజు కొత్త పిన్ను వేయాలి. మేకు ముక్కో ఉక్కు చువ్వో దూర్చితే ఈసారి తెగేది పిన్ను కాదు, గేరు.

వంగిన అల్యూమినియం రెక్కను రాతి మీద పెట్టి సుత్తితో కొట్టి తిన్నగా చేయడం చాలాచోట్ల చూసే పని. చల్లగా ఉన్న లోహం అలా కొడితే లోపల చీలుతుంది. తర్వాత అదే రెక్క నడిప్రవాహంలో ఊడిపోతుంది. వెల్డింగు, రెక్క సరిచేయడం, బుష్ మార్చడం షాపులో చేయాల్సిన పనులు.

ఫ్యాను విప్పేటప్పుడు తీసిన ప్రతి వాషరునూ ఏ వైపు ఎటు ఉందో చూసి వరసగా గుడ్డ మీద పెట్టుకోవాలి. ముందు వాషరు తిరగబడితే ఫ్యాను గేర్‌బాక్సుకు రాసుకుంటుంది. ఇరుసు పళ్లకు గ్రీజు పూయాలి. నట్టును ఆపే స్ప్లిట్ పిన్ను ఒకసారి వంచి తీశాక పనికిరాదు, కొత్తది వేయాలి. ఐదు రూపాయల పిన్ను లేక ఫ్యాను మొత్తం ఏటిపాలు కావడం కొత్త సంగతేం కాదు.

ఇవాళ జనాన్ని ఎక్కించవచ్చా?

తనిఖీ అంతా ఈ ఒక్క ప్రశ్న కోసమే.

అంచున చిన్న నొక్కులే ఉండి, వణుకు లేకపోతే వెళ్లవచ్చు. తిరిగొచ్చాక మళ్లీ చూడాలి.

రెక్క కొద్దిగా వంగి, వేగం పెంచితేనే వణుకు వస్తుంటే తక్కువ వేగంలో, నిలకడ నీటిలో, తక్కువ మందితో నడపవచ్చు. ఎదురు ప్రవాహంలోకి పోకూడదు. బుష్ కొద్దిగా జారుతున్నా ఇదే నియమం. మెల్లగా నడిపితే ఒడ్డుకు చేరుస్తుంది, వేగం పెంచితే వదిలేస్తుంది.

రెక్క మొదట్లో చీలిక, పోయిన ముక్క, వంగిన ఇరుసు, పాలరంగు నూనె, గీత జరిగిపోయిన బుష్. వీటిలో ఏ ఒక్కటున్నా ఆ మోటారుతో జనాన్ని దాటించకూడదు. వేరే ఫ్యాను వేయాలి, లేదా వేరే పడవ రావాలి. ఎదురుచూపు కష్టమే. అయినా ఒడ్డున అరగంట ఆగిన పడవకూ, పదిమందితో నడివాగులో ఆగిన పడవకూ పోలిక లేదు.

బయలుదేరే ముందు ఒక తేలిక పరీక్ష కూడా ఉంది. పడవను ఖాళీగా ఎదురు ప్రవాహంలోకి తిప్పి, ఒడ్డున ఒక చెట్టును గుర్తుపెట్టుకుని చూడాలి. సగం యాక్సిలరేటర్‌తో చెట్టును దాటి ముందుకు పోగలిగితే పడవకు నిల్వ బలం ఉన్నట్టు. పూర్తిగా తిప్పినా చెట్టు పక్కనే ఆగితే, జనం బరువు పడ్డాక అది దిగువకే పోతుంది.

దెబ్బ తగలకుండా చూసుకోవాలంటే

లోతు తెలియని చోట మెల్లగా పోవాలి, ఒకరు ముందు కూర్చుని గెడతో లోతు చూస్తుండాలి. చేత్తో ఎత్తే మోటార్లు ముందుకు పోతున్నప్పుడు ఏదైనా తగిలితే పైకి లేచి తప్పుకుంటాయి. వెనక్కి నడిపేటప్పుడు మాత్రం తాళం పడి లేవవు. అందుకే బండల్లో వెనక్కి నడపడం ఎక్కువ ప్రమాదం. ఒడ్డు చేరుతుంటే ఇంజను ఆపి, మోటారు ఎత్తి, తెడ్డుతో రావాలి.

మునిగిన ఊళ్లలో అడుగున ఉండేది బండలు కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు పడవలు మునిగిన వాహనాలు, ప్రహరీలు, తీగల మధ్య తిరగాల్సి వచ్చింది. అక్కడ ఫ్యాను చుట్టూ రక్షణ కంచె ఉంటే మేలు. నీటిలో మనుషులున్నప్పుడు వాళ్లకూ అది రక్షణే, వేగం కొంత తగ్గినా సరే. కంచె ఉన్నా లేకున్నా మనిషిని నీటిలోంచి పైకి లాగేటప్పుడు ఇంజను ఆపి ఉండాలి.

చివరగా, పడవతోపాటు ఒక సంచి. అదే పిచ్ ఉన్న అదనపు ఫ్యాను, నట్టు, వాషర్లు, నాలుగైదు స్ప్లిట్ పిన్నులు, చిన్న మోటారైతే షియర్ పిన్నులు, సరిపోయే పానా, పట్టకారు, ఆకురాయి, దారం కోసే చాకు, గ్రీజు, మార్కర్ పెన్ను, రెండు తెడ్లు. రోడ్డు తెగిన రోజున దోర్నపాల్ నుంచి జగర్గుండాకు విడిభాగం రాదు. వాగు దగ్గరికి లారీ ఎక్కేటప్పుడే ఆ సంచి కూడా ఎక్కాలి.